ఒకే గుంజ దగ్గర ఆరు విలువలు: కొల్లేటి నీటి నమూనాల సేకరణను విద్యార్థులకు ఎలా నేర్పాలి?

ప్రశ్న (జంతుశాస్త్ర అధ్యాపకురాలు, ఏలూరు జిల్లా)

అందరికీ నమస్కారం. నేను ఏటా ఫిబ్రవరిలో బీఎస్సీ చివరి సంవత్సరం విద్యార్థులను రెండు రోజుల పాటు కొల్లేటి ఒడ్డున ఉన్న ఒక చిన్న క్షేత్ర పరిశోధన కేంద్రానికి తీసుకువెళ్తాను. అక్కడ ఒక వరండా, రెండు పొడవాటి బల్లలు, నాలుగు సూక్ష్మదర్శినులు ఉన్నాయి. ఒక పడవను మాత్రం అద్దెకు తీసుకుంటాము. తరగతి గదిలో ఏడాదంతా చెప్పినా తలకెక్కని విషయాలు అక్కడ ఒక పూటలో పిల్లలకు అర్థమవుతాయన్న నమ్మకంతోనే ఈ శ్రమ పడుతున్నాను.

ఈ ఏడాది ఒక చిక్కు వచ్చింది. ముప్ఫై మందిని ఆరు జట్లుగా విడదీసి, ఒడ్డుకు రెండు వందల మీటర్ల దూరంలో నీటిలో పాతి ఉన్న ఒక వెదురు గుంజ దగ్గర నుంచే అన్ని జట్లూ నీరు తేవాలనీ, అందులో కరిగిన ఆక్సిజన్‌ను వింక్లర్ పద్ధతిలో (రసాయనాలు కలిపి చేసే కొలత) కొలవాలనీ చెప్పాను. చోటు ఒకటే, రోజు ఒకటే, రసాయనాలు ఒకటే కాబట్టి విలువలు దగ్గర దగ్గరగా వస్తాయనీ, ఆ పోలికను చూపించి పద్ధతి మీద వారికి గురి కుదిర్చవచ్చనీ అనుకున్నాను. తీరా వచ్చిన విలువలు, లీటరుకు మిల్లీగ్రాములలో, జట్ల వరుసలో ఇవి: 3.1, 4.3, 6.0, 8.4, 5.2, 11.2.

కొందరు విద్యార్థులు సరస్సు కలుషితమైపోయిందనడానికి మొదటి విలువే సాక్ష్యమన్నారు. మరికొందరు ఆరింటినీ కూడి, ఆరుతో భాగించి, 6.4 అని నివేదికలో రాసేశారు. మిగిలినవారు తమ పక్క జట్టు టైట్రేషన్ (బ్యూరెట్ నుంచి ద్రావణాన్ని బొట్టు బొట్టుగా వదిలి కొలవడం) సరిగా చేయలేదని వాదించారు. నేను కూడా ఆ సాయంత్రం తేల్చి చెప్పలేకపోయాను. ఈ తేడా పిల్లల చేతుల్లో ఉందా, నీటిలోనే ఉందా? రెండూ కలిసి ఉంటే వాటిని విడదీసి చూపించేలా వచ్చే ఏడాది పాఠాన్ని ఎలా అమర్చుకోవాలి? మేము అనుసరించే ప్రయోగ దీపికలో ప్రతి ఐదు మీటర్ల లోతుకూ ఒక నమూనా తీయమని ఉంది. ఆ గుంజ దగ్గర మొత్తం లోతే మీటరూ పావు కాబట్టి ఆ పుస్తకం నాకు ఎక్కువ దూరం తోడు రావడం లేదు.


జవాబు 1 (విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు)

అమ్మా, ముందుగా ఒక ప్రశ్న. మీకు ఉన్నది ఒకే పడవ అన్నారు. అలాంటప్పుడు ఆరు జట్లూ ఒకే సమయంలో నీరు తెచ్చే వీలు లేదు కదా. ఏ జట్టు ఎన్ని గంటలకు సీసా నింపిందో రాసి ఉంచారా? ఆ సంగతి తెలిసేదాకా సరస్సు గురించి మాట్లాడను, చేతుల గురించి మాత్రం కొంత చెప్పగలను.

వింక్లర్ 1888లో ప్రకటించిన ఈ పద్ధతి నూట ముప్ఫై ఏళ్లు దాటినా నిలిచి ఉందంటే, అది చవకైనదీ నమ్మదగినదీ కావడమే కారణం. అయితే దానికి ఓపిక కావాలి. 300 మిల్లీలీటర్ల సీసాను అడుగు దాకా దించిన రబ్బరు గొట్టంతో నింపి, సీసా పరిమాణానికి రెండు మూడు రెట్ల నీరు పొంగి పోయేదాకా ఆగాలి. మాంగనీస్ సల్ఫేటును, క్షార అయొడైడ్ అజైడ్ ద్రావణాన్ని పిపెట్ కొన నీటి మట్టం కిందికి వెళ్లేలా ఉంచి వదలాలి. బిరడా పెట్టాక లోపల గాలి బుడగ కనిపిస్తే ఆ సీసాను పారబోసి మళ్లీ నింపాలి. గోధుమ రంగు అవక్షేపం కిందికి దిగాక మరొకసారి తిప్పి కలిపి, మళ్లీ దిగనిచ్చి, అప్పుడు గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వేయాలి. తెల్లని అవక్షేపం వస్తే ఆక్సిజన్ లేనట్టే లెక్క. కారకాలు ఒక్కొక్క మిల్లీలీటరు చొప్పున వేసినప్పుడు 201 మిల్లీలీటర్ల నమూనాను 0.025 నార్మల్ థయోసల్ఫేట్‌తో టైట్రేషన్ చేస్తే, బ్యూరెట్‌లో ఖర్చయిన ఒక్కొక్క మిల్లీలీటరూ లీటరుకు ఒక మిల్లీగ్రాము ఆక్సిజన్‌కు సమానమవుతుంది. టైట్రేషన్ ముగింపును రంగు మార్పుతో చూపించే పిండి ద్రావణాన్ని, సీసాలోని రంగు ఎండుగడ్డి ఛాయకు వచ్చాకనే వేయాలన్నది పిల్లలు తరచుగా మరిచిపోయే సంగతి.

ఇక తప్పులు ఏ దిక్కుకు లాగుతాయో ఆలోచించండి. 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర, గాలితో సమతుల్యంలో ఉన్న మంచినీటిలో లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. నీటిని బకెట్‌తో తోడి చిందిస్తూ పోస్తే విలువ అంతకు తక్కువదైనా ఎక్కువదైనా ఆ 7.5 వైపుకే జరుగుతుంది. బిరడా కింద బుడగ చిక్కితే అందులోని ఆక్సిజన్ కూడా లెక్కలో చేరి విలువ పెరుగుతుంది. థయోసల్ఫేట్ పాతదై బలం తగ్గి ఉంటే ఆరు జట్లకూ ఒకే నిష్పత్తిలో తప్పు వస్తుంది తప్ప జట్టుకొక తీరుగా రాదు. కాబట్టి 3.1కీ 11.2కీ మధ్య ఉన్న ఇంత అంతరాన్ని మీ పిల్లల అలవాటులేని చేతులకు అంటగట్టడం నాకు న్యాయంగా తోచడం లేదు. పైగా చిందించడం వల్ల 11.2 రాదు, అసలు అంతకంటే ఎక్కువే ఉండి కొంత పోయి ఉండవచ్చు.

మరొక మాట, కొంచెం కటువుగా ఉన్నా చెప్పక తప్పదు. గాఢ ఆమ్లాన్ని ఊగే పడవలోకి పంపించకండి. అవక్షేపం ఏర్పడేదాకా పడవలో చేసి, సీసాలను నీడలో ఒడ్డుకు తెచ్చి, ఆమ్లం బల్ల మీద వేయించండి. అజైడ్ విషపదార్థం, టైట్రేషన్ అయిన వ్యర్థాన్ని డబ్బాలో పోసి కళాశాలకు తిరిగి తేవాలే గాని సరస్సులో కుమ్మరించకూడదు.


ప్రశ్నించినవారి స్పందన

నమస్కారం మాస్టారూ. సమయాలు నివేదికల్లో లేవు, కానీ పడవ అద్దె లెక్క కోసం నేను విడిగా రాసుకున్న కాగితంలో దొరికాయి. గుంజ దగ్గరకు చేరిన వేళలు వరుసగా ఇవి: 7.10, 8.20, 9.30, 10.40, 11.50, మధ్యాహ్నం 1.15. ఈ అంకెలను విలువల పక్కన పెట్టగానే నాకు సిగ్గు వేసింది. పడవ ఖర్చు కోసం రాసిన కాగితమే ఆ రోజు మొత్తానికి ముఖ్యమైన శాస్త్రీయ పత్రమని అప్పుడు తెలియలేదు.


జవాబు 2 (పరిశోధక విద్యార్థి, విస్కాన్సిన్, అమెరికా)

మేడమ్, మీ ఆరు జట్లు తెలియకుండానే ఒక చక్కని ప్రయోగం చేశాయి. లోతు తక్కువై, నాచూ మొక్కలూ మెండుగా ఉన్న వెచ్చని సరస్సులో రాత్రంతా మొక్కలు, జంతువులు, బురదలోని బాక్టీరియా ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. అందువల్ల తెల్లవారేసరికి అది కనిష్ఠానికి చేరుతుంది. ఎండ ఎక్కే కొద్దీ కిరణజన్య సంయోగక్రియ దాన్ని పెంచుతూ పోయి, మధ్యాహ్నానికి గాలితో సమతుల్యాన్ని దాటిస్తుంది. మాస్టారు చెప్పిన 7.5తో పోలిస్తే మీ 11.2 దాదాపు నూట యాభై శాతం సంతృప్తత. 3.1, 4.3, 6.0, 8.4, 11.2 అన్నవి ఒకే గీత మీద ఎక్కుతున్న మెట్లు. ఆరు విలువల సగటు 6.4 ఉండవచ్చు గాని, ఆ సంఖ్యకు మీ సరస్సులో అర్థమేమీ లేదు. ఉదయం నాలుగు గంటలకు చేపకు కావలసింది సగటు కాదు.

నేను ఇక్కడ ఉత్తర విస్కాన్సిన్‌లోని ట్రౌట్ సరస్సు కేంద్రంలో వేసవి విద్యార్థులకు నమూనాల సేకరణ నేర్పడంలో సాయపడ్డాను. బర్జ్, జూడే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1925లో మొదలుపెట్టిన కేంద్రం అది. ఆ సరస్సు లోతైన చోట సుమారు 35 మీటర్లు ఉంటుంది. వేసవిలో పైన వెచ్చని నీరు, కింద చల్లని నీరు పొరలుగా విడిపోతాయి కాబట్టి, అక్కడ విద్యార్థికి మొదట నేర్పేది మీటరు మీటరుకూ సాధనాన్ని దించుతూ ఉష్ణోగ్రతనూ ఆక్సిజన్‌నూ రాయడం. మీ ప్రయోగ దీపిక అలాంటి సరస్సుల అనుభవం నుంచి పుట్టి ఉంటుంది. అక్కడ తేడా ప్రధానంగా లోతులో ఉంటుంది, కొల్లేటిలో తేడా గడియారంలోనూ మొక్కల గుంపుల్లోనూ ఉంటుంది. నమూనాలను తేడా ఉన్న దిశలో తీయాలన్నది రెండు చోట్లా చెల్లుతుంది, దిశ మాత్రం మారుతుంది.

చేతుల తేడానూ నీటి తేడానూ విడదీయడానికి నేను చూసిన పద్ధతి చెబుతాను. మొదటి రోజు సాయంత్రం వరండాలో ఒక తొట్టిలో కుళాయి నీరు పోసి, అక్వేరియం పంపుతో కొన్ని గంటలు గాలి ఆడించండి. నీరు 28 డిగ్రీల దగ్గర ఉంటే ఆక్సిజన్ 7.8కు చేరువలో ఉండాలి. ఆ జవాబును పిల్లలకు చెప్పకుండా ఆరు జట్ల చేతా మూడేసి సీసాలు నింపించి కొలిపించండి. ఒకే జట్టు మూడు సీసాల మధ్య తేడా ఎంతో, జట్లకూ జట్లకూ మధ్య తేడా ఎంతో, అందరూ కలిసి 7.8కి ఎంత దూరంలో ఉన్నారో ఆ రాత్రే నల్లబల్ల మీద కనిపిస్తుంది. ఉదాహరణకు ఆ తేడా 0.4 వచ్చిందనుకోండి, మర్నాడు సరస్సులో 3.1కీ 4.3కీ మధ్య తేడా నిజమైనదేనని పిల్లలు తామే చెప్పగలుగుతారు. నమ్మకం కలిగించడానికి ఇంతకంటే మంచి మార్గం నాకు తెలియదు.

ఇక మీ ఐదో జట్టు. 11.50కి ఆ గీత ప్రకారం తొమ్మిదికి పైగా రావాలి. చిందించినా 7.5 కంటే కిందికి పోదు, బుడగ చిక్కితే పెరుగుతుంది. అయినా 5.2 వచ్చింది. అయితే టైట్రేషన్‌లో పెద్ద పొరపాటు జరిగి ఉండాలి, లేదా వారు తెచ్చినది ఆ గుంజ దగ్గరి నీరు కాకపోయి ఉండాలి. ఆ జట్టును మందలించకుండా అడగండి.


జవాబు 3 (కైకలూరు ప్రాంతవాసి, పరిశోధక బృందాలకు క్షేత్ర సహాయకుడు)

పై ఇద్దరు పెద్దలు చెప్పిన శాస్త్రం సరైనదే. పడవలో కూర్చున్నవారికి మాత్రమే కనబడే కొన్ని సంగతులను నేను కలుపుతాను. నేను పదేళ్లుగా విద్యార్థులను, పరిశోధకులను కొల్లేటిలోకి తీసుకువెళ్తున్నాను.

కొల్లేటిలో పడవను గెడ వేసి నడుపుతారు. గెడ బురదలో దిగి పైకి వచ్చిన ప్రతిసారీ అడుగునున్న నల్లని బురద నీటిలోకి పొగలా లేస్తుంది. ఆ నీటిలో ఆక్సిజన్ తక్కువ, మడ్డి ఎక్కువ. చాలామంది విద్యార్థులు పడవ ఆగీ ఆగగానే గెడ వేసిన పక్కనే సీసా ముంచుతారు. పడవ ఆగాక మడ్డి దిగేదాకా కాసేపు ఊరుకుని, గాలి వచ్చే వైపున, పడవ ముక్కు దగ్గర నుంచి నీరు తీయించండి. గుంజకు పడవను తాడుతో కట్టించండి, ఎందుకంటే పదకొండు దాటాక గాలి లేస్తే పడవ నిలవదు. ఆ గాలే గుర్రపుడెక్క తెప్పలను కూడా ఒక చోటి నుంచి మరొక చోటికి తోసుకుపోతుంది. ఉదయం తేటగా ఉన్న గుంజ మధ్యాహ్నానికి డెక్క మధ్యలో ఉండవచ్చు. డెక్క కింద వెలుతురు ఉండదు, వేళ్ల దగ్గర కుళ్లు ఉంటుంది, కాబట్టి అక్కడ ఆక్సిజన్ పక్కనున్న ఖాళీ నీటి కంటే బాగా తక్కువగా ఉంటుంది. మీ ఐదో జట్టు గురించి నా అనుమానం అదే. కిక్కిస పొదల పక్కన తీసిన నీరూ, ఖాళీ నీరూ, డెక్క కింది నీరూ ఒకటి కావని నేర్పాలంటే ఒకే గంటలో ఈ మూడు చోట్లా తీయించండి.

నీటి పారదర్శకతను కొలిచే సెక్కీ పళ్లెం గురించి ఒక మాట. నలుపు తెలుపు గళ్లున్న ఇరవై సెంటీమీటర్ల ఆ పళ్లేన్ని పడవ నీడ పడే వైపున దించి, కనుమరుగైన లోతునూ, పైకి లాగుతుండగా మళ్లీ కనిపించిన లోతునూ సగటు చేయాలని అందరూ చెబుతారు. కొల్లేటిలో మొక్కలు ఎక్కువగా ఉన్న తేట నీటిలో పళ్లెం అడుగుకు తాకినా కనిపిస్తూనే ఉంటుంది. అప్పుడు పిల్లలు ఆ లోతునే పారదర్శకతగా రాసేస్తారు. అది తప్పు; "అడుగు కనిపిస్తోంది" అని రాసి లోతును విడిగా వేయాలి.

నీటిలో తేలే సూక్ష్మజీవులను పట్టే ప్లవకాల వలను ఇంత తక్కువ లోతులో నిలువుగా లాగితే బురదే వస్తుంది. కొలిచిన బకెట్‌తో యాభై లీటర్ల నీటిని వలలో పోసి, చివరి గిన్నెలో చేరినదాన్ని యాభై మిల్లీలీటర్లకు సరిచేస్తే లెక్క కూడా సులువవుతుంది: సెడ్జ్‌విక్ రాఫ్టర్ పలకలో (సూక్ష్మదర్శిని కింద జీవులను లెక్కించే పలక) పట్టే ఒక మిల్లీలీటరులో లెక్కించిన జీవులే సరస్సులో ఒక లీటరు నీటిలోని జీవులు. రోటిఫర్లనే సూక్ష్మ జలజీవులను గుర్తించాలంటే ఫార్మలిన్‌ను ఒక్కసారిగా పోయకండి, అవి ముడుచుకుని అన్నీ ఒకే ఉండలా కనిపిస్తాయి. ముందు కొంచెం సోడా నీరు కలిపితే మత్తులో పడి, సాగిన ఆకారంలోనే ఉండిపోతాయి. ఈ కిటుకును పిల్లలు మిగతా పాఠమంతా మరిచిపోయినా గుర్తుపెట్టుకుంటారు.

అనుమతి విషయం తేలికగా తీసుకోవద్దు. కొల్లేరు 1999లో వన్యప్రాణి అభయారణ్యమైంది, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలలను చేర్చే రామ్‌సర్ జాబితాలో చేరింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో శాస్త్రీయ అధ్యయనానికి అటవీ శాఖ నుంచి ముందుగా రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. మీరు వెళ్లే ఫిబ్రవరిలో ఆటపాక వైపు గూడబాతులు గూళ్ల మీద ఉంటాయి; పడవను అటు పోనివ్వకండి. ప్రతి విద్యార్థికీ లైఫ్ జాకెట్ ఉండాలి. లోతు మీటరే కదా అనుకోవద్దు, మోకాలి దాకా దిగబడే బురదలో ఈత రాదు, నడకా రాదు.


జవాబు 4 (నీటి నాణ్యత ప్రయోగశాల ఉద్యోగి, హైదరాబాద్)

ఇంత శ్రమ అవసరమా అని నాకు అనిపిస్తోంది. ఈ రోజుల్లో కాంతి ఆధారిత ఆక్సిజన్ మీటర్లు నిమిషంలో విలువ చూపిస్తాయి. ఒక మీటరు కొని గుంజకు కట్టి ఇరవై నాలుగు గంటలు వదిలేస్తే, పైన చర్చించిన గీత మొత్తం దానంతటదే వస్తుంది. విద్యార్థుల సమయాన్ని టైట్రేషన్‌కు బదులు విశ్లేషణకు కేటాయించవచ్చు.


జవాబు 1 రాసినవారి నుంచి మరొకటి

మీటరు మీద నాకు కోపమేమీ లేదు, మా కాలంలో ఉండి ఉంటే నేనూ కొనేవాణ్ణి. అయితే మీటరు సరైన విలువ చూపిస్తోందని ఎలా తెలుస్తుంది? దాన్ని సరిచూడడానికి వింక్లర్ సీసాల్నే ఆశ్రయించడం ఇప్పటికీ ఉంది. టైట్రేషన్ చేసిన విద్యార్థికి 5.2 అన్న సంఖ్య ఎన్ని చేతులు మారి వచ్చిందో తెలుస్తుంది. తెర మీద చూసినవాడికి అది ఆకాశం నుంచి ఊడిపడినట్టు ఉంటుంది. వీలైతే రెండూ వాడండి, మీటరును గుంజకు కట్టండి, సీసాలను పిల్లల చేతికి ఇవ్వండి.


ప్రశ్నించినవారి చివరి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. ఐదో జట్టును నిన్న పిలిపించి అడిగాను. నీరు తీసిన చోటు గురించి తమ నోటు పుస్తకంలో "గుంజ దగ్గర" అని తప్ప ఏమీ రాయలేదు. ఒక అమ్మాయి మాత్రం ఆలోచించి, గాలికి పడవ పక్కకు జరిగిందనీ, గెడ అందక డెక్కను చేత్తో తోసి ఆ సందులోనే సీసా ముంచామనీ చెప్పింది. పడవవారిని ఫోన్‌లో అడిగితే ఆయన కూడా అదే చెప్పారు. తమ విలువ తప్పు కాదనీ, చోటు పేరు మాత్రమే తప్పనీ తెలిశాక ఆ జట్టు ముఖాలు వెలిగాయి. మిగతా జట్లవారు ఇప్పుడు తమ సీసాలు ఎక్కడ ముంచారో గుర్తు చేసుకునే ప్రయత్నంలో ఉన్నారు.

వచ్చే ఏడాదికి ఇలా అనుకుంటున్నాను. మొదటి సాయంత్రం తొట్టి నీటితో ఆరు జట్లూ చేతులు సరిచూసుకుంటాయి. మర్నాడు ఒక్కొక్క జట్టు ఒక్కొక్క వేళకు గుంజ దగ్గరకు వెళ్లి, ఖాళీ నీటి నుంచి రెండు సీసాలు, డెక్క అంచు కింద నుంచి రెండు సీసాలు తెస్తుంది. సీసా ముంచకముందే సమయం, నీటి ఉష్ణోగ్రత, గాలి దిశ, డెక్క ఎంత దూరంలో ఉందో రాయాలి. ఆ నాలుగు గళ్లూ ఖాళీగా ఉంటే ఆక్సిజన్ విలువకు మార్కులు వేయను. ఉదయం మొదటి పడవ ఆరున్నరకు, వెలుతురు రాగానే బయలుదేరుతుంది, అందులో ఆమ్లం సీసా ఉండదు.

ఒక్క సందేహం మిగిలింది. వేసవిలో కొల్లేటిని సముద్రంతో కలిపే ఉప్పుటేరు మీదుగా సముద్రపు నీరు ఎగదన్నినప్పుడు నీటి వాహకత (కరిగిన ఉప్పును తెలిపే కొలత) పెరుగుతుంది కదా. మే నెలలో కూడా ఒక రోజు వెళ్లి అదే గుంజ దగ్గర కొలిస్తే ఫిబ్రవరితో పోల్చి చూపించవచ్చునా, లేక ఉప్పుటేరు వైపు మరొక గుంజ పాతించుకోవాలా? కైకలూరు ప్రాంతవాసి గారు చెబితే అనుమతి పత్రంలో ఆ చోటును కూడా ఇప్పుడే చేర్పిస్తాను.